బ్యూర్ బ్లాంక్‌కి ఏ వైన్?

హోస్ట్: అన్నా, వైన్ షాపులో వైట్ వైన్ బోలెడన్ని రకాలు. వంటకి ఏది తీసుకోవాలి?

షెఫ్: ఏం వండుతున్నావో ముందు తేల్చుకోవాలమ్మా. ఇవాళ బ్యూర్ బ్లాంక్ అనుకుందాం. ఫ్రాన్స్‌లో నాంత్ వైపు చేప మీద పోసే వెన్న సాస్. అక్కడివాళ్లు దీనికి వాడేది మ్యూస్కడే అనే వైట్ వైన్. తీపి ఉండదు, పులుపు గట్టిగా తగులుతుంది.

హోస్ట్: అది మనకెక్కడ దొరుకుతుంది!

షెఫ్: నాసిక్ సోవిన్యో బ్లాంక్ చాలు. చెనిన్ బ్లాంక్ అయితే తీపి మిగిల్చినవీ ఉంటాయి, లేబుల్ మీద డ్రై అని ఉందో లేదో చూడు.

హోస్ట్: కాస్త తీపి ఉంటే ఏమవుతుంది?

షెఫ్: 100 మిల్లీలీటర్ల వైన్, 50 వైట్ వైన్ వెనిగర్, సన్నగా తరిగిన సాంబారు ఉల్లిపాయలు నాలుగైదు. మరిగి మరిగి 2 టేబుల్ స్పూన్లే మిగలాలి. నీళ్లు పోతాయి, చక్కెర పోదుగా! ఓక్ పీపాలో ఉంచిన షార్డనే అయితే చేదు తేలుతుంది. కుకింగ్ వైన్ అని అమ్మేదాంట్లో ఉప్పు కలుపుతారు, అదీ ఇలాగే చిక్కబడుతుంది. ఇంకోటి, సత్తు గిన్నె వద్దు. పులుపుకి లోహం రుచి దిగుతుంది. స్టీల్ గిన్నె పెట్టు.

హోస్ట్: వెన్న ఎప్పుడు?

షెఫ్: ఆ తర్వాతే. ఉప్పులేని వెన్న 200 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చిన్న ముక్కలు. మంట బాగా తగ్గించి, రెండేసి ముక్కలు వేస్తూ విస్క్‌తో ఆపకుండా కలపాలి. అవి కరిగాకే తర్వాతివి. ఉడుకు పట్టిందా, సాస్ విరిగి నెయ్యి పైకి తేలుతుంది. సుమారు 58 డిగ్రీలు దాటనివ్వకు.

హోస్ట్: తేలిపోతే?

షెఫ్: దించెయ్. వేరే గిన్నెలో ఒక స్పూను క్రీమ్ వెచ్చబెట్టి, విరిగిన సాస్‌ని కొద్దికొద్దిగా పోస్తూ చిలుకు. అసలు మొదటిసారి చేసేవాళ్లు వెన్నకి ముందే ఆ స్పూను క్రీమ్ వేసేసుకోవడం మంచిది. క్రీమ్ పడితే అది బ్యూర్ బ్లాంక్ కాదనేవాళ్లున్నారు, అననీ.

హోస్ట్: ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుందా?

షెఫ్: పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికించాక కూడా 40 శాతం ఉంటుంది. ఇక్కడ ఇంతగా ఇగరబెడతాం కాబట్టి బాగా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. మందు ముట్టనివాళ్లు భోజనానికొస్తే చెప్పి వడ్డించు, లేదా వైన్ బదులు చేప స్టాక్, నిమ్మరసం పెట్టి చెయ్.

హోస్ట్: మిగతా సీసా?

షెఫ్: తాగేవాళ్లు లేకపోతే ఐస్ ట్రేలో స్పూనుతో కొలిచి పొయ్యి. నీళ్లంత గట్టిగా గడ్డకట్టదు, ట్రేలోంచి తీసేటప్పుడు జాగ్రత్త.