రెండు వేల రూపాయల్లో ఒకటో తరగతి గది: గోడ చెమ్మ చూసుకున్నాకే రంగు!

నమస్తే అండీ అందరికీ. వినబడుతోందాండీ? ఒరేయ్ నాన్నా, ఆ ఫోను కొంచెం కిందకి దించు. నా మొహం కాదురా, గది కనబడాలి. ఆఁ, అదీ. వెనకాల ఆ చప్పుడు చేలో మోటారుదండి, దాన్ని ఆపలేం, సర్దుకుపోండి.

ఇది మా బడండి. కోనసీమలో, కాలవ గట్టు పక్కనే. ఒకటి నుంచి అయిదు దాకా 27 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. ఈ గదిలో కూచునే ఒకటి, రెండు తరగతులు నావి. మొన్న ఈ గది సర్దేక ఫోటోలు పెడితే చాలామంది అడిగేరు, ఎంతయ్యిందండీ, ఎవరిచేత చేయించేరండీ అని. ఎవరిచేతా చేయించలేదండి. నేను, మా ఆయా, ఇదిగో ఈ ఫోను పట్టుకున్నోడు. 1,910 రూపాయలయ్యింది. చీటీ ఉంది, చివర్లో చూపిస్తాను.

గ్రాంటు వస్తుంది కదా అంటారు. వస్తుందండి. సమగ్ర శిక్ష అని బడులకి కేంద్రం పథకం ఉంది కదా, అందులో 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000, అది దాటి వంద దాకా ఉంటే 25,000. అందులో పదో వంతైనా పరిశుభ్రతకే పెట్టాలి. మిగిలినదాంట్లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, ఫ్యాను రిపేరు, కుళాయి, అన్నీనూ. అందుకని గది సర్దడానికి రెండు వేలు దాటకూడదు అనుకున్నాను. మీరేం కొన్నా బిల్లు తీసుకుని పేరెంట్స్ కమిటీ మినిట్స్‌లో రాయించేసుకోండి, తర్వాత తలనొప్పి ఉండదు.

సరే, పన్లోకి వచ్చేద్దాం. ముందు గది ఖాళీ చెయ్యండి. అంతా బయట పెట్టేసి, బూజులు దులిపి, కడిగేసి, ఆరబెట్టేయండి. ఇది నేను చెప్పక్కర్లేదు. విరిగిన కుర్చీలు, ఎప్పటివో పాత పేపర్లు, "పనికొస్తుందేమో" అని దాచినవన్నీ హెడ్మాస్టారు గారిని అడిగి తీసేయండి. గదికి సగం అందం అక్కడే వచ్చేస్తుంది. స్టాకు రిజిస్టర్లో ఉన్నవి మాత్రం పారేయకండోయ్.

ఇప్పుడు గోడ. ఇక్కడ కాస్త ఆగండి, ఎంచేతంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

నాన్నా, ఇటు రా, ఈ కింద చూపించు. ఇదిగో, ఇక్కడ రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయింది చూసేరా? దీని మీద తెల్లగా, పొడిలాగ, వేలితో రాస్తే రాలిపోతోంది. ఉప్పు పూసిందన్నమాట. రెండేళ్ళ కిందట జూలైలో, పిల్లలకి అందే ఎత్తులో నల్లబల్ల కావాలని, తెగ ఉత్సాహపడిపోయి ఈ గోడ పొడుగునా నల్లరంగు వేసేసేనండి. రెండు కోట్లు. ఎంత బాగుందో! పది రోజులు. ముసురు పట్టింది, అంతే, అప్పడంలాగ పొంగిపోయింది. పిల్లలు గోకి గోకి పొరలు తీసేవారు, "టీచర్, ఇది ఇండియా మ్యాపులాగ ఉంది" అని.

ఎందుకలాగయ్యింది అంటే, మనది డెల్టా అండి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసి నీళ్ళిచ్చేడు, నీళ్ళతోపాటు ఈ చెమ్మ కూడా ఇచ్చేడు. ఇటు కాలవ, అటు చేను, మధ్యలో బడి. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు, ఇటుక గోడ నేలలో నీళ్ళని పైకి లాగేస్తుంది. మా గోడైతే రెండు మూడడుగుల దాకా లాగుతోంది. చిక్కంతా ఏంటంటే, ఒకటో తరగతి పిల్ల కళ్ళు ఉండేది మూడున్నర అడుగుల ఎత్తులో. ఆ పిల్లకి బల్ల ఎక్కడ కావాలో ఇంచుమించు అక్కడిదాకా చెమ్మ కూడా వస్తుంది! పెద్దవాళ్ళ నల్లబల్ల పైన ఉంటుంది కాబట్టి దానికేం కాదు. అది చూసి నేను మోసపోయేను.

కాబట్టి రంగు డబ్బా కొనేముందు ఇది చెయ్యండి. ఒక దళసరి ప్లాస్టిక్ కవరు, ఇంత, మూరెడు. గోడకి పెట్టి నాలుగు వేపులా టేపు గట్టిగా అంటించేయండి. గాలి దూరకూడదు. ఒక రోజు వదిలేయండి. మర్నాడు తీసి చూడండి. కవరు లోపలివేపు, అంటే గోడవేపు, నీటి చుక్కలు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోందన్నమాట. అక్కడ రంగు వేయకండి, ఎంత మంచి రంగైనా సరే. చుక్కలు పైవేపు, అంటే మనవేపు పట్టేయంటే అది గాలిలో తేమ, గోడకి దోషం లేదు. మళ్ళీ చెబుతున్నాను: లోపల చుక్కలుంటే గోడ, పైన ఉంటే గాలి. ఇది ఒక్క చోట కాదు, కింద ఒకటి, నడుమెత్తులో ఒకటి పెట్టండి. మా గోడకి కిందది తడిసింది, నడుం దగ్గరదీ తడిసింది.

ఇంకో మాట. ఈ పరీక్ష వేసవిలో, కాలవలకి నీళ్ళు కట్టేసినప్పుడు చేస్తే గోడ పొడిగానే కనబడుతుంది. మనం మోసపోతాం. రంగు వేయడానికి ఎండాకాలమే మంచిది గానీ, గోడ గుణం తెలియాలంటే కిందటి వర్షాల్లో ఏం జరిగిందో గోడనే చూడండి. ఉప్పు మరక ఉందా, అడుగున రంగు లేచిందా. మరక ఉంటే ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు.

మరి మేమేం చేసేమంటే... ఇదిగో. చూసేరా? నల్లబల్లకి తలుపండి! ఊళ్ళో పాత పెంకుటిల్లు తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాం. టేకు తలుపు, ఊరికే ఇచ్చేరు. ఆటోకి మాత్రం 300 అయ్యింది, ఆ తలుపు ఊరికే వచ్చిందని చెప్పుకోవడం కూడా తప్పేనేమో. దీన్ని అడ్డంగా నిలబెట్టేం. కింద ఇటుకలు, ఇటుకల మీద ప్లాస్టిక్ ముక్క, లేకపోతే చెదలు. గోడకి ఆనించలేదు, నాలుగు వేళ్ళ ఎడం ఉంది, ఇదిగో చెయ్యి దూరుతోంది. పైన కిటికీ ఊచకి తాడుతో రెండు చోట్ల కట్టేం, పిల్లలు లాగినా పడదు. ఇది మాత్రం గట్టిగా లాగి చూసుకోండి, బరువైన తలుపు.

ఈ తలుపుకి నల్లరంగు వేయడం గబగబా చెప్పేస్తాను. గరుకు కాయితంతో రుద్దడం, తుడవడం, మొదటి కోటు కొంచెం పల్చగా, నిలువుగా. మర్నాడు రెండోది అడ్డంగా. రెండు మూడు రోజులు వదిలెయ్యడం. అయిపోయిందనుకుంటారు, అవ్వలేదు! రాసేముందు సుద్దముక్కని ఇలాగ పడుకోబెట్టి బల్లంతా పూసేయాలి. మొత్తం తెల్లగా అయిపోవాలి. అప్పుడు పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఇది చెయ్యకుండా రాస్తే మొదట రాసిన అక్షరం పోదండి. నా గోడ బల్ల మీద మొట్టమొదట రాసిన "అ" పొక్కులతో సహా ఇప్పటికీ ఉంది, అదిగో. తడిగుడ్డ వద్దు. పాత లుంగీ ముక్కని చుట్టచుట్టి కుట్టేస్తే కొన్న డస్టర్ కంటే బాగా తుడుస్తుంది.

ఇక చార్టులు. 2021లో నిపుణ్ భారత్, అంటే చిన్నపిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన కార్యక్రమం, వచ్చినప్పట్నుంచీ గది నిండా అక్షరాలు కనబడాలి అని అందరం చార్టులు అంటించేం. మంచిదే. కానీ అంటించిందేమో టేపుతో. ఆగస్టు వచ్చేసరికి టేపుతోపాటు సున్నం ఊడొస్తుంది, చార్టు వెనక బూజు. నేనింక గోడకి ఏదీ అంటించనండి. తాడే. కొబ్బరి పీచు తాడు, అంబాజీపేటలో తెచ్చేను. ఈ కిటికీ ఊచ నుంచి ఆ కిటికీ ఊచకి, మేకు కొట్టే పనే లేదు. నైలాను తాడు ఎందుకు కాదంటే, అది నున్నగా ఉంటుంది, క్లిప్పులన్నీ జారి మధ్యలోకి వచ్చి చేరతాయి. పీచు తాడు గరుగ్గా ఉండి పట్టుకుంటుంది. క్లిప్పులు స్ప్రింగు ఉన్నవి కొనకండి, మన గాలికి ఒక్క వానాకాలానికి తుప్పు పట్టి చార్టు మీద మరక పడుతుంది. ఒకే ముక్కగా వస్తాయి చూడండి, ప్లాస్టిక్‌వి, అవి. ఎత్తు పిల్లల కంటికి. తాడు గోడ వెంబడే ఉండాలి, గది మధ్యలోంచి మాత్రం కట్టొద్దు. పరిగెత్తేటప్పుడు మెడకి తగులుతుంది.

ఒకేసారి ఇరవై చార్టులు వేలాడదియ్యకండి. నాలుగే ఉంచండి. వారానికోసారి మారిస్తే చూస్తారు, ఏడాదంతా ఉంటే గోడనే చూడరు.

ఫ్లాష్ కార్డులకి శుభలేఖలు. మనిళ్ళల్లో లేనిదేవిటండీ! దళసరి అట్ట, ఒకవేపు ఖాళీ, మెరుపు వేరే. మాఘమాసం ముహూర్తాలయ్యేక పిల్లల్ని తెమ్మంటే గుట్టలు తెస్తారు. పేర్లున్నవేపు ఇంకో కాయితం అంటించేయండి, పెళ్ళివాళ్ళ ఫోన్ నంబర్లు ఉంటాయి. పిల్లల హాజరుకి కూడా ఇవే, ఒక్కొక్కరి పేరు ఒక కార్డు. పొద్దున్న రాగానే ఎవరి కార్డు వాళ్ళు "ఇంట్లో" తాడు మీంచి "బడిలో" తాడు మీదకి మార్చుకుంటారు. మూడో వారానికల్లా పక్కవాళ్ళ పేర్లు కూడా చదివేసేరు. ఎవరూ నేర్పలేదు.

నేల మీద ఇది, ఫ్లెక్సీ. మాకు కనుమకి ప్రభల తీర్థం, జాతర కదండీ, ఆ తర్వాత ఊరంతా ఫ్లెక్సీలే. అడిగి తెచ్చుకుని తిరగెయ్యండి. వెనక తెల్లగా ఉన్నవే తీసుకోండి, నల్లగా ఉన్నవి కూడా వస్తాయి, వాటి మీద మార్కరు కనబడదు. దీని మీద 0 నుంచి 20 దాకా గీత, అంకెల మధ్య పిల్లాడి అడుగంత ఎడం. ఎగురుతూ కూడతారు, వెనక్కి ఎగిరి తీసేస్తారు. అటు వేపుది వైకుంఠపాళి. కూడికలు ఇటు, గొడవలు అటు.

లెక్కలకి ఈనెలు. చీపురు కట్ట విప్పి, సన్నటి కొసలు తీసేసి, అవి గుచ్చుకుంటాయి, మిగిలినవి నాలుగంగుళాల ముక్కలు. పది ముక్కలు ఒక కట్ట. పది కట్టలు కలిపితే వంద. రబ్బరు బ్యాండు వేయకండి, ఎండకి జిగురైపోయి అంటుకుపోతుంది, దారమే. కట్ట విప్పడం, మళ్ళీ కట్టడం, అదే అసలు లెక్క. 32లోంచి 7 తియ్యాలంటే పిల్ల ఒక కట్ట విప్పాలి కదా. అప్పుతెచ్చుకోవడం అంటే ఏంటో నేను చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. చింతపిక్కలు, గవ్వలు కూడా ఉన్నాయి, ఇదిగో కొబ్బరి చిప్పల్లో. చిప్ప నిలబడదు కదా, దొర్లుతుంది. మన కుండకి వేసే కుదురు లేదూ, అలాగే మిగిలిన తాడు చుట్టలు చుట్టి కుదుళ్ళు చేసేం.

పుస్తకాలు. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్, 2015 నుంచి ఉంది. తెలుగు కథలు బోల్డు, ఊరికే దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఒకటో తరగతికి లెవెల్ 1 చాలు. జిరాక్స్ షాపులో "బుక్లెట్" అని చెప్పండి, మధ్యకి మడిస్తే పుస్తకం అయిపోయేట్టు తీస్తారు. మామూలు స్టేప్లరు మధ్యదాకా అందదు. పెద్దది కొనకండి. స్టేప్లరు పూర్తిగా తెరిచి, పుస్తకం కింద థర్మోకోలు ముక్క పెట్టి, పైనుంచి ఇలాగ నొక్కండి. టక్. ఇప్పుడు థర్మోకోలు లాగేసి, పిన్ను కాళ్ళు చెంచాతో మడిచేయండి. చేత్తో కాదు, చెంచాతో. లైబ్రరీకి ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 దాకా విడిగా ఉంటుంది, దాంతో బొమ్మలున్న మంచి పుస్తకాలు కొనుక్కోండి. వీటినీ తాడు మీదే, మధ్యకి తెరిచి వేసేస్తాం. బీరువాలో పెట్టి తాళం వేస్తే చెదలే చదువుతాయి.

ఇంకేముందీ... పలకలు ఐస్‌క్రీం డబ్బాల్లో, అవి ఇటుకల మీద. అట్టపెట్టెలు వద్దు, బొద్దింకలు. అద్దం అక్కడ, పిల్లల ఎత్తులో, ఇది మాత్రం కొన్నాను. జడలు చూసుకుంటారని కాదు, "ప" అన్నప్పుడు, "మ" అన్నప్పుడు పెదాలు ఎలాగున్నాయో చూసుకోవడానికి. జడలే చూసుకుంటున్నారనుకోండి.

ఇదిగో చీటీ. ఆపుకుని చూసుకోండి. ఎక్కువయ్యింది జిరాక్సుకి, 420. తర్వాత ఆ తలుపు ఆటో. క్లిప్పులు నాలుగు డజన్లు తెచ్చేను, మూడు చాలేవి.

గోడ మీద కవరు పెట్టిన చోట మీకేం కనబడిందో, ఏ ఊరో కింద రాయండి. గోదావరి లంకల్లో బడుల వాళ్ళు తప్పకుండా రాయండి, వరదొచ్చి వెళ్ళేక గోడ ఎన్నాళ్ళకి ఆరుతుందో నాకు తెలుసుకోవాలనుంది. నాన్నా, ఆపెయ్. ఆపేసేవా? ఎర్ర చుక్క ఇంకా ఉం...