717 హార్స్‌పవర్ ఎందుకు వెనకబడింది? అమెరికన్ స్పోర్ట్స్ కార్లలో పవరెంత, రోజూ పనికొచ్చేదెంత

[తెరపై: డ్రాగ్ స్ట్రిప్ మీద రెండు కార్లు, పక్కపక్కన]

ఎడమ పక్కన డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్, 717 హార్స్‌పవర్. కుడి పక్కన షెవర్లే కార్వెట్ సీ8 స్టింగ్‌రే, జెడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో 495. పచ్చ లైటు వెలిగింది. గంటకు 60 మైళ్ల వేగాన్ని ముందు ఎవరు అందుకుంటారు?

కార్వెట్. షెవర్లే చెప్పే లెక్క 2.9 సెకన్లు. హెల్‌క్యాట్‌కి మూడున్నర సెకన్ల పైమాటే. చేతిలో 222 హార్స్‌పవర్ ఎక్కువున్నా ఇదీ పరిస్థితి!

[తెరపై: హెల్‌క్యాట్ వెనక టైరు, పొగ, స్లో మోషన్]

ఈ టైరు చూడండి. హెల్‌క్యాట్ బరువు రెండు టన్నులు దాటుతుంది. 6.2 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దానిమీద అదనపు గాలిని ఇంజిన్‌లోకి నెట్టే సూపర్‌చార్జర్, మొత్తం ముందుభాగంలోనే ఉంటాయి. కారును తోసేవేమో వెనక చక్రాలు. మామూలు బాడీ మోడల్‌లో ఆ వెనక టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లే. కాలు కాస్త గట్టిగా నొక్కితే చాలు, నాచు పట్టిన మెట్ల మీద పరిగెత్తబోయినట్టే. చక్రం తిరుగుతుంది, కారు కదలదు.

కార్వెట్‌లో ఇంజిన్ మీ సీటు వెనకే ఉంటుంది. 2020 మోడల్ నుంచి వచ్చిన మార్పు ఇది. అంతకుముందు అరవై ఏళ్లకు పైగా ఇంజిన్ ముందే ఉండేది. ఇప్పుడు బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీద పడుతుంది. ఆ టైర్లు 305 మిల్లీమీటర్లు. పైగా కారు మూడు నాలుగు వందల కిలోలు తేలిక, గేర్లు మార్చేది 8 స్పీడ్ డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో చిటికెలో గేరు మార్చే ఆటోమేటిక్. ఉన్న పవర్ వృథా కాకుండా రోడ్డు మీదికి దిగుతుంది.

హెల్‌క్యాట్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇంకో మాట. ఒకసారి పట్టు దొరికాక దాని 717 అసలు బలం చూపిస్తుంది. పావు మైలు పూర్తయ్యేసరికి రెండూ దాదాపు సమానం, గీత దాటే వేగం హెల్‌క్యాట్‌దే కాస్త ఎక్కువ. కానీ ఆఫీసుకెళ్లే దారిలో పావు మైలు మొత్తం కాలు తొక్కిపెట్టే చోటు ఎక్కడుంటుంది?

[తెరపై: కార్వెట్ ముందు, వెనక డిక్కీలు తెరుచుకుంటాయి]

ఇక రోజువారీ సంగతి. కార్వెట్‌కి రెండు డిక్కీలు, కలిపి దాదాపు 357 లీటర్లు. ముందుదాంట్లో కేబిన్ సూట్‌కేసు పడుతుంది. వెనకది పెద్దదే కానీ పక్కనే ఇంజిన్, బాగా వెచ్చబడుతుంది. ఇండియన్ స్టోర్ నుంచి ఇడ్లీ పిండి, పెరుగు తెచ్చుకుంటే అక్కడ పెట్టకండి. ఇంకొకటి, పైకప్పు ఊడదీసి పెట్టుకోవాల్సింది కూడా ఆ వెనక డిక్కీలోనే. కప్పు తీసిన రోజు సామాను చోటు చాలావరకు పోయినట్టే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఫ్రంట్ లిఫ్ట్. కారు ముక్కు కిందికి ఉంటుంది కదా, స్పీడ్ బ్రేకర్ దగ్గర, ఏటవాలు డ్రైవ్‌వే దగ్గర గీసుకుపోతుంది. ఈ ఆప్షన్ ఉంటే ముందుభాగం 40 మిల్లీమీటర్లు లేస్తుంది. జీపీఎస్‌తో 1000 చోట్ల దాకా గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికి రాగానే తనంతట తనే లేస్తుంది. ఇలాంటివే కారును రోజూ బయటికి తీయిస్తాయి.

[తెరపై: మస్టాంగ్ జీటీ, వెనక సీటు]

ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 2024లో వచ్చిన కొత్త తరంలో 5 లీటర్ల కొయోటీ వీ8, 480 హార్స్‌పవర్. యాక్టివ్ ఎగ్జాస్ట్‌తో 486. 6 గేర్ల మాన్యువల్ ఇంకా దొరుకుతుంది, కార్వెట్‌లో అది లేదు. డిక్కీ దాదాపు 380 లీటర్లు. వెనక సీట్లున్నాయి కానీ పెద్దవాళ్లు కూర్చునేవి కావు. వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు బిగిస్తే ముందు సీటు బాగా ముందుకు జరపాలి. ఎదిగిన పిల్లలైతే పర్వాలేదు. మన దేశంలోనూ 2016లో జీటీని అమ్మారు, దాదాపు 400 హార్స్‌పవర్‌కి తగ్గించి. ఆ తగ్గింపు మన రోడ్ల మీద ఎవరికీ లోటు కాదనే నా నమ్మకం.

షెవర్లే కమారో గురించి క్లుప్తంగా: నడపడానికి అద్భుతం. కానీ కిటికీలు సన్నం, డిక్కీ 258 లీటర్లే, దాని నోరు ఇంకా చిన్నది. 2024 మోడల్‌తో ఉత్పత్తి ఆగిపోయింది.

[తెరపై: ఎరుపు, నలుపు తాళాలు]

హెల్‌క్యాట్ కూడా 2023తో ముగిసింది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. చోటు విషయంలో వీటన్నిట్లో ఉదారమైనది అదే: 459 లీటర్ల డిక్కీ, మనుషులు నిజంగా కూర్చోగల వెనక సీటు. తాళాలు రెండిస్తారు. ఎర్రదానితో పూర్తి పవర్, నల్లదానితో 500 దగ్గర ఆగుతుంది. వాన రోజున నల్లదే వాడండి. కొనేముందు ఇన్సూరెన్స్ కోట్ తప్పనిసరిగా తీసుకోండి. అమెరికాలోని హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2023లో చెప్పిన లెక్క చూస్తే భయమేస్తుంది. దీని నాలుగు తలుపుల తోబుట్టువు చార్జర్ హెల్‌క్యాట్‌కి దొంగతనం క్లెయిములు సగటు కంటే 60 రెట్లకు పైనే. మొదటి ఉద్యోగం రాగానే దీనిమీద మనసు పడే మన కుర్రాళ్లు ఈ ఖర్చు లెక్కలో వేసుకోరు. పెట్రోలు సంగతి సరేసరి, సిటీలో లీటరుకు ఐదారు కిలోమీటర్లు.

[తెరపై: మంచు కురుస్తున్న మిషిగన్ రోడ్డు]

డాలస్‌లో ఉన్నవాళ్లకు అంతగా పట్టదు గానీ, డెట్రాయిట్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లు జాగ్రత్తగా వినాలి. ఇలాంటి చాలా కార్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి సమ్మర్ టైర్లు. చలికి ఆ రబ్బరు గట్టిపడుతుంది, పట్టు పోతుంది, మరీ గడ్డకట్టే చలిలో పగుళ్లు కూడా రావచ్చు. మంచులో 700 హార్స్‌పవర్, సమ్మర్ టైర్లు... ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక్కడే కార్వెట్ ఈ-రే మీద నాకు గౌరవం. వెనక అదే వీ8, ముందు చక్రాలకు 160 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారు. మొత్తం 655, నాలుగు చక్రాలూ తోస్తాయి, 60 మైళ్లకు 2.5 సెకన్లు. మామూలుగానే ఆల్ సీజన్ టైర్లతో వస్తుంది. తెల్లవారుజామున ఇంజిన్ వేయకుండా కరెంటు మీదే కాసేపు వెళ్లొచ్చు, అపార్ట్‌మెంట్‌లో ఎవరి నిద్రా చెడదు. పవర్ పెరిగినకొద్దీ కారు ఇబ్బంది పెట్టాలన్న నియమమేమీ లేదని ఇది నిరూపించింది.

[తెరపై: కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్, వెనక తలుపు తెరుచుకుంటుంది]

ఇంట్లో చిన్నపిల్లలుండి, ఒక్కటే కారు కావాలంటే? బడ్జెట్ లక్ష డాలర్లకు అటూ ఇటూ ఉంటే నా ఓటు ఈ కాడిలాక్‌కే. సూపర్‌చార్జ్డ్ వీ8, 668 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, నాలుగు తలుపులు. అంత బడ్జెట్ లేకపోతే మస్టాంగ్ జీటీ. దేనికైనా సరే, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు పిల్లల సీటు వెంట తీసుకెళ్లండి. షోరూమ్ దగ్గరే వెనక బిగించి చూసుకుని, ముందు సీట్లో మీ మోకాళ్లు పడుతున్నాయనుకున్నాకే స్టార్ట్ బటన్ నొక్కండి.