కోరస్‌లో పాడినవాళ్ళ పేర్లేవి?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సంగీత కళాశాల పిల్లలకు నమస్కారం. రజని గారి, అంటే మన రేడియో కవి, సంగీతకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారి జయంతి సభలో ఆయన గేయాల మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ నాకన్నా ముందు మాట్లాడినవారు ఆ పని ఎంతో చక్కగా చేశారు. అందుకని ఆ కాగితాలు పక్కన పెట్టి, రేడియోలో పాటకు తగ్గ మనుషుల్ని ఆయన కూర్చిన పని గురించి చెబుతాను.

రజని గారు 1941లో మద్రాసు రేడియోలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన పాటను టంగుటూరి సూర్యకుమారి గారు పాడారు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తర్వాత ఆయన ఇక్కడ డైరెక్టరుగా చేశారు, చివరిదాకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఇవి మీకు తెలిసినవే.

రేడియోలో ప్రయోక్త అనే మాట ఉంది, అంటే కార్యక్రమాన్ని తయారుచేయించే మనిషి. పాడేది ఆయన కాకపోవచ్చు, వాయించేదీ ఆయన కాకపోవచ్చు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మాత్రం ఆయనకు తెలియాలి. ఈ ఊరి రేడియోలో పొద్దున్నే వచ్చిన భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని విన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. త్యాగరాజ కృతి పాడే బాలమురళీకృష్ణ గారి గొంతులో బైరాగులు పాడుకునే తత్వాలు విన్నాం. కచేరీ విదుషి శ్రీరంగం గోపాలరత్నం గారు పల్లె మాటల్లోని ఎంకి పాటలు పాడారు. హిందుస్తానీ అంటే ప్రాణమైన ఓలేటి వెంకటేశ్వర్లు గారు అదే రేడియోలో ఇంటింటికీ కర్ణాటక సంగీతం నేర్పారు. అన్నవరపు రామస్వామి గారి వయొలిన్, దండమూడి రామమోహనరావు గారి మృదంగం. ఇదంతా రజని గారొక్కరి ఘనతే అనను. బాలమురళి గారూ ఇక్కడ ప్రయోక్తగా పనిచేశారు. అది ఒక కూటమి.

గుంటూరు బ్రాడీపేటలో మా నాయనమ్మకు ఆదివారం పొద్దున వచ్చే సూర్యనారాయణ మేలుకొలుపు అంటే ఎంత ఇష్టమో! ఆవిడ తన తల్లి దగ్గర నేర్చుకున్న పాట అది. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పని చేసుకుంటూ పాడుకునేది. దానికి వాద్యాలు పెట్టి, బృందం చేత పాడించి, రేడియోలో వేస్తున్నారు! ‘‘మన పాటేనే, మన పాటే’’ అని పక్కింటివాళ్ళను కేకేసేది. చదువు రాని మనిషికి తన పాట విలువ తెలిసింది ఆ పొద్దుటి పూటల్లోనే.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఆ పాటలన్నీ ఇవాళ ఫోన్లలో తిరుగుతున్నాయి. సంతోషమే. కానీ మొదట్లో అనౌన్సరు చెప్పే మాటలు కోసేస్తున్నారు. పాడినది ఫలానావారు, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా అని చెప్పే ఆ పావు నిమిషం ఎవరికి అడ్డమొచ్చింది? మొన్న ఒక పాట వచ్చింది. అందులో గొంతు ఒకరిది, కింద వేసిన పేరు ఇంకొకరిది. పెట్టినవారికి ఉత్తరం రాశాను, జవాబు లేదు. మళ్ళీ రాశాను.

పెద్దవాళ్ళ పేర్లు ఎలాగో నిలుస్తాయి. వెనక వంత పాడిన ఆడపిల్లల సంగతేమిటి? తంబూరా వేసినవాళ్ళు? రజని గారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’, అంటే పాట రాసి తామే స్వరం కట్టినవాళ్ళ చరిత్ర, రాసిన మనిషి. దానికే 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఎప్పటెప్పటి పాటకారుల పేర్లో వెతికి వెతికి రాశారాయన. అటువంటివారు కూర్చిన బృందంలోనే పేర్లు పోతే ఎలా అండీ?

ఒక్క మాట. ఈ సభలో రేడియోలో కోరస్ పాడినవారు ఎవరైనా ఉన్నారా? మొహమాటపడకండి, చెయ్యెత్తండి. అదిగో, మూడో వరుసలో అమ్మగారు! కూర్చోండమ్మా, కూర్చోండి, లేవద్దు.

పిల్లలూ, ఇంకేం చెప్పను? మీ అందరి జేబుల్లోనూ రికార్డు చేసే ఫోను ఉంది. ఏ పాట, ఏ సంవత్సరం, పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు ఎంత దూరంలో నిలబడితే మైకుకు సరిపోయేది, అన్నీ అడగండి. గుర్తులేదంటే పాట వినిపించి అడగండి. పేరు రాసేటప్పుడు ఇంటిపేరు కూడా రాయండి.

అధ్యక్షులవారూ, నాకు ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి కదా. ఆ సమయం అమ్మగారికి ఇవ్వండి. ఎవరైనా ఈ మైకు ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళండి, నాయనా.