శాండర్ కింద పుట్టిన నుసిని అక్కడే పట్టాలి

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న మనలో చాలామందికి వడ్రంగం వృత్తి కాదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం పోర్టికోలోనో మేడమీద రేకుల షెడ్డులోనో కొయ్యపని చేసుకునేవాళ్లం. అందుకని కార్ఖానాల లెక్కలు చెప్పను. పదడుగుల గదిలో ఒక శాండరు, అంటే చెక్కని రుద్ది నునుపు చేసే కరెంటు మిషను, ఒక వాక్యూమ్ క్లీనరు పెట్టుకుని పని చేసే మనిషికి పనికొచ్చేవే చెబుతాను.

మూడేళ్ల కిందట మా అమ్మాయికి మామిడి చెక్కతో చదువుకునే బల్ల చేస్తున్నాను. శాండరుతో పాటు వచ్చిన గుడ్డ సంచీ తగిలించి గంటసేపు రుద్దాను. తర్వాత నేల ఊడ్చి, బల్లలు తడిగుడ్డతో తుడిచి భోజనానికి వెళ్లాను. రాత్రి కరెంటు పోయింది. ఏదో మర్చిపోయానని ఫోన్ టార్చ్ వేసుకుని షెడ్డులోకి వెళ్తే, ఆ వెలుగు దారి పొడవునా నుసి తేలుతోంది. పని ఆపి అప్పటికి రెండు గంటలు. తెల్లారి చూస్తే నేను తుడిచిన నల్ల గ్రానైట్ గట్టు మీద వేలితో గీస్తే గీత పడింది. షెడ్డుకి ఆనుకునే మా అమ్మ పడుకునే గది ఉంది. ఆవిడకి ఆయాసం. ఆ గీత చూశాక నాకు మళ్లీ శాండరు పట్టుకోవాలంటే భయం వేసింది.

చిత్రిక పడితే పొట్టు చుట్టలుగా రాలుతుంది. రంపంతో కోస్తే కాళ్ల దగ్గర కుప్ప పడుతుంది. అవి చీపురుతో పోతాయి. ఉప్పు కాగితం చేత్తో రుద్దినా నుసి లేస్తుంది, కానీ చెయ్యి ఎంతసేపని ఆడుతుంది? కరెంటు శాండరు నిమిషానికి పది పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది. అది చెక్కను పిండి కొడుతుంది. ఆ పిండిలో కంటికి కనిపించే భాగం గురించి నాకు బెంగ లేదు, అది కిందకి దిగిపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పది మైక్రాన్ల రేణువు కదలని గాలిలో ఛాతీ ఎత్తు నుంచి నేలకి దిగడానికి సుమారు ఎనిమిది నిమిషాలు పడుతుంది. రెండున్నర మైక్రాన్లదైతే రెండు గంటలు దాటుతుంది. ఒక మైక్రానుదైతే సగం రోజు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దానితో పోల్చుకోండి. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేది ఈ సన్నటి రకమే. ముతక రకం ముక్కులో ఆగిపోతుంది కదా అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కొయ్య దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. అక్కడ ప్రధానంగా చెప్పింది ముక్కు లోపలి క్యాన్సర్ల గురించే. ఏళ్ల తరబడి రోజూ పీల్చిన కార్మికులను చూసి చెప్పిన మాట అది, మన ఆదివారాలతో సమానం కాదు. అయినా మన గదులు చిన్నవి, తలుపులు ఇంట్లోకే తెరుచుకుంటాయి.

కాబట్టి గాలిలోకి లేచాక పట్టుకుందాం అనుకుంటే ఆలస్యమైపోయినట్టే. శాండరు అడుగున తిరిగే డిస్కు కిందే పట్టాలి.

శాండరు అడుగున చిల్లులు ఉంటాయి చూడండి. 125 మిల్లీమీటర్ల డిస్కుకి మామూలుగా ఎనిమిది. నుసి బయటికి వెళ్లే దారి అదే. ఉప్పు కాగితం పేపర్ అతికించేటప్పుడు దాని చిల్లులు శాండరు అడుగు చిల్లుల మీద సరిగ్గా కూర్చోకపోతే, ఎంత పెద్ద మిషను తగిలించినా దండగే. నేను ప్రతిసారీ రెండు చిల్లుల్లో రెండు పాత పెన్సిళ్లు గుచ్చి, వాటి మీదుగా పేపర్ దించుతాను. ఇంకో దారి జాలీ పేపరు. వల లాగా అంతటా రంధ్రాలే కాబట్టి కుదర్చాల్సిన పని లేదు, నుసి పేరుకోదు, పేపరు కూడా ఎక్కువ రోజులు వస్తుంది. ధర ఎక్కువే. నేనైతే వేరే ఖర్చు తగ్గించుకుని అదే కొంటాను.

ఆ గుడ్డ సంచీ మాటకి వస్తే, అది ముతక నుసిని ఉంచుకుని సన్న నుసిని దాని నేతలోంచే బయటికి వదులుతుంది. దాన్ని తీసి పక్కన పెట్టి వాక్యూమ్ పైపు తగిలించండి. చాలామంది ఇక్కడే అడుగుతారు, నాలుగంగుళాల పైపు ఉన్న పెద్ద డస్ట్ కలెక్టరు కొనాలా అని. శాండరుకి అక్కర్లేదు. అది చాలా గాలిని లాగుతుంది గానీ దాని పట్టు తక్కువ, సన్న పైపు తగిలిస్తే ఉక్కిరిబిక్కిరి అయిపోతుంది. చిత్రిక పట్టే ప్లేనరు మిషనుకి అది మంచిది. శాండరు సన్నటి దారికి వాక్యూమ్ క్లీనరు పట్టే కావాలి.

అసలు చిక్కు జాయింటు దగ్గర. శాండరు మూతి ఒక సైజు, పైపు మూతి ఇంకో సైజు. టేపు చుడితే శాండరు అదురుకి రెండు రోజుల్లో ఊడిపోతుంది. నేను పాత సైకిల్ ట్యూబు నాలుగంగుళాల ముక్క కోసి, రెండు మూతుల మీదా లాగి, గ్యాస్ పైపుకి వేసే క్లిప్పులతో బిగించాను. అదురుని రబ్బరు మింగేస్తుంది, గాలి కారదు. ఇదిగో ఆ ముక్కే, చేతులు మార్చుకుంటూ చూడండి. లోపల తెల్లగా ఏమీ లేదు, బయటా లేదు. కారుతుంటే అంచు వెంబడి నుసి గీత కనిపించేది.

తర్వాత ఫిల్టరు. నుసి నేరుగా వాక్యూములోకి వెళ్తే పావుగంటలో ఫిల్టరు పూడిపోయి లాగే శక్తి పడిపోతుంది. మధ్యలో సైక్లోను అనే గరాటు లాంటి డబ్బా పెడితే గాలి సుడి తిరిగి, బరువున్న నుసి కింద బకెట్లో పడుతుంది. నేను మొదట ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ పెట్టాను. ఒకరోజు పైపుకి బల్ల అంచు అడ్డుపడింది, అంతే, బకెట్ ఢామ్మని లోపలికి కుంగిపోయింది. ఇప్పుడు ఒకదానిలో ఒకటి రెండు బకెట్లు దూర్చి వాడుతున్నాను. అయితే సైక్లోను కూడా సన్న నుసిని వదిలేస్తుంది, అది వాక్యూము దాకా వస్తుంది. అక్కడ మంచి ఫిల్టరు లేకపోతే వెనక నుంచి గదిలోకే చిమ్ముతుంది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపేదాన్ని హెపా అంటారు. అది పెట్టుకుని, దాని ముందు వాక్యూము లోపల వేసే సంచీ కూడా వేసుకోండి. ఫిల్టరు దులపాల్సి వస్తే ఇంటికి దూరంగా, మాస్కు పెట్టుకుని దులపండి.

శాండరు కంటే ముందు వాక్యూము ఆన్ చెయ్యాలి, శాండరు ఆగాక పది సెకన్లు ఆగి ఆపాలి. శాండరు చెక్కకి అతుక్కుని కదలనంటే లాగడం ఎక్కువైందని, కాస్త గాలి వదలండి. సీలింగ్ ఫ్యాను ఆపండి. మే నెలలో విజయవాడలో ఇది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం, నాకు తెలుసు. నేను ఎండాకాలం తెల్లవారుజామున ఐదింటికి పని పెట్టుకుంటాను. కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా బయటి తలుపు కొంచెం తీసి, ఇంట్లోకి వెళ్లే తలుపు కింద తడిగుడ్డ. ముఖానికి ఎన్95. చేతిరుమాలు పనికిరాదు. గడ్డం ఉంటే మాస్కు చర్మానికి ఆనదు, పక్కల నుంచి గాలి వస్తుంది. మిషను ఆపగానే మాస్కు తీసేయకండి, ఇందాకటి రెండు గంటల లెక్క గుర్తుంచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ ఏర్పాటంతా ఉన్నా నేను శాండరు పట్టను. పాత ఇల్లు కూలిస్తే వచ్చిన టేకు తలుపులు మనకి ప్రాణం కదా. వాటి మీద పొరలు పొరలుగా ఉన్న పాత పెయింటులో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన తలుపుని పొడిగా రుద్దితే ఆ సీసం పిల్లలు పాకే నేల మీద పడుతుంది. పెయింట్ రిమూవరుతో మెత్తబరిచి గీకండి, లేదా తడిపి చేత్తో రుద్దండి. ఆ గీకినదాన్ని చెత్తబుట్టలో వదలకుండా సంచీలో కట్టి పెట్టండి.

ఇంకొకటి. అవిసె నూనె పట్టించిన చెక్కని రుద్దితే వచ్చిన నుసినీ, పాలిష్ కోట్ల మధ్య రుద్దితే వచ్చిన నుసినీ రాత్రి సంచీలో వదిలేయకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. మూత ఉన్న రేకు డబ్బాలో వేసి ఆరుబయట పెట్టండి. మేకుకి డిస్కు తగిలి నిప్పురవ్వ లేచినప్పుడు కూడా ఇదే పని చెయ్యండి.

ఇప్పుడు మాటలు చాలు. టేకు ముక్క ఒకటి బల్లకి బిగించి ఉంచాను. మొదట ఉత్త గుడ్డ సంచీతో ఒక నిమిషం, తర్వాత పైపు తగిలించి ఒక నిమిషం రుద్దుతాను. అందరూ మాస్కులు పెట్టుకోండి. గుమ్మం దగ్గరున్నవాళ్లు లైట్లు ఆపండి. ముందు వరసలో ఎవరైనా టార్చ్ వేసి, ఇక్కడ, నా మోచేతి ఎత్తులో, అడ్డంగా పట్టుకోండి.