కాబూల్‌ని ఏ ఇంటి కిటికీలోంచి చూశాం?

అందరికీ నమస్కారం. అఫ్గానిస్తాన్ గురించి ఏం చదివారని అడిగితే, పేపర్లూ టీవీ పక్కన పెడితే, మనలో చాలామంది చెప్పే పేరు ఒకటే: ఖాలిద్ హొస్సేనీ నవల, 2003లో అచ్చయిన ‘ద కైట్ రన్నర్’. అది చదివేసి అక్కడి జీవితం మొత్తం తెలిసిపోయినట్టు వాదనకి దిగేవాళ్లూ ఉన్నారు. అసలు అందులో నిజమెంత?

కథ చెప్పే హీరో చిన్ననాటి భాగం నిజమే, నాకు అనుమానం లేదు. గాజుపొడి పట్టించిన దారం, తెగిన వేళ్లు, కోసుకుపోయిన పతంగి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి పరిగెత్తే కుర్రాడు... సంక్రాంతికి హైదరాబాద్ మేడల మీద మాంజా పట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నౌకరు కొడుకు హజారా, అంటే అక్కడ చిన్నచూపు చూసే తెగవాడు, వాడితో ఎంతసేపైనా ఆడుకోవచ్చు గానీ నలుగురిలో వాడు నా స్నేహితుడని అనకూడదు. ఇదీ నిజమే, మన ఊళ్లలోనూ బాగా ఎరిగిన నిజం.

మరి రచయిత కళ్లారా చూసిందెంత? 1965లో కాబూల్‌లో పుట్టాడు, తండ్రి దౌత్యవేత్త, 1976లో కుటుంబం పారిస్ వెళ్లింది, 1980లో అమెరికా. సోవియట్ సైన్యం దిగింది 1979 డిసెంబర్లో, తాలిబాన్ కాబూల్‌ని పట్టుకుంది 1996లో. రెండూ ఆయన దూరంనుంచి విన్నవే. నవల పూర్తయ్యాకే మళ్లీ కాబూల్‌లో అడుగుపెట్టాడు. అందుకని తప్పుపట్టను. చూడనిది రాయకూడదంటే చారిత్రక నవలలన్నీ అటకెక్కించాల్సిందే.

నా పేచీ వేరే. స్టేడియంలో రాళ్లతో కొట్టి చంపే సీన్ కొందరికి అతి అనిపించొచ్చు, కానీ కాబూల్ ఘాజీ స్టేడియంలో తాలిబాన్ జనం ముందే మరణశిక్షలు అమలుచేసిన మాట వాస్తవం. వివరాల దగ్గర నవల అబద్ధమాడలేదు, కథ అల్లిన చోట ఆడింది. చిన్నప్పుడు వీధిలో పిల్లల్ని కొట్టి ఏడిపించిన డబ్బున్నవాళ్ల కుర్రాడు, తల్లి జర్మన్, హిట్లర్ అంటే పడిచస్తాడు, సరిగ్గా వాడే తాలిబాన్ పెద్దగా తేలి క్లైమాక్స్‌లో హీరోకి ఎదురుపడతాడు! అసలు తాలిబాన్ 1994లో మొదలైంది కాందహార్ వైపు పల్లెల్లో, పాకిస్తాన్ మదరసాల్లో, ఏళ్ల తరబడి సాగిన యుద్ధంలోంచి. అదంతా ఒక్క దుర్మార్గుడి నెత్తిన రుద్దితే చదవడానికి హాయిగా ఉంటుంది, విలన్ దొరికాడు కదా.

అఫ్గాన్ రచయిత అతీక్ రహీమీ దరీ భాషలో (అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే పారశీకం) రాసిన చిన్న నవల ఒకటుంది, ఇంగ్లీషులో ‘ఎర్త్ అండ్ యాషెస్’. ముసలాయన పేరు దస్తగీర్ (కడప, కర్నూలు వాళ్లకి చుట్టంలా వినిపించే పేరు). బాంబులకి ఊరూ కుటుంబమూ పోయాయి, ఆ కబురు గనిలో పనిచేసే కొడుక్కి చెప్పాలి. చాలాభాగం వంతెన దగ్గర బండి కోసం కూర్చోవడమే. పక్కన మనవడు. పేలుళ్లకి వాడి చెవులు పోయాయి, ఆ సంగతి వాడికి తెలియదు, లోకంలో అందరి గొంతులూ ఎవరో పట్టుకుపోయారనుకుంటాడు. దొరకబట్టి కొట్టడానికి విలన్ ఎక్కడా ఉండడు. అమ్మకాల్లో ఇది ‘కైట్ రన్నర్’ దరిదాపుల్లోకి కూడా రాదనుకోండి.