అభిషిక్తుణ్ణి ముట్టొద్దని దేవుడు చెప్పింది ఎవరితో?

అందరికీ వందనాలు. నేరుగా విషయంలోకి వెళ్దాం. ఈ వారం మీరు నాకు పంపిన వీడియోలు అన్నీ ఒకే రకం. స్టేజీ మీద పాస్టర్ గారు, వెనకాల మెల్లగా కీబోర్డు మోగుతుంటుంది, మందిరం కట్టడానికి ఇచ్చిన డబ్బు ఏమైందని ఎవరో విశ్వాసి అడిగాడని ఆయనకు కోపం. లెక్క చెప్తే రెండు నిమిషాల్లో అయిపోయే పని. ఆయన చెప్పడు. బైబిల్ పైకెత్తి, అభిషేకించినవారిని, అంటే దేవుడు తన పనికి ఏర్పరచుకున్నవారిని, ముట్టొద్దన్నాడు దేవుడు, దైవజనుడి జోలికొస్తే మీ ఇంట్లో ఏం జరుగుతుందో చూసుకోండి అంటాడు. కింద నుంచి ఆమెన్, ఆమెన్. పేర్లు చెప్పమని కామెంట్లలో అడుగుతున్నారు, నేను చెప్పను, ఎందుకంటే ఈ మాట ఒక్కరు అన్నది కాదు, మన రెండు రాష్ట్రాల్లో ఏ మండలానికి వెళ్ళినా వినిపించే మాట.

నేను చెప్పేది ఒక్కటే. ఆ వచనం పాస్టర్ని ప్రశ్న నుంచి కాపాడటానికి రాసింది కాదు. అది రాజులతో చెప్పిన మాట. అధికారం ఉన్నవాడితో, అధికారం లేనివాడి గురించి దేవుడు చెప్పిన మాట. దాన్ని తీసుకొచ్చి తిప్పి మనమీద పెట్టారు.

బైబిల్ తెరవండి. 105వ కీర్తన, 12వ వచనం నుంచి చదవండి, 15 నుంచి కాదు, 12 నుంచి. కొద్దిమంది, చాలా కొద్దిమంది, పరదేశులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి గుడారాలు మోసుకుంటూ తిరిగేవాళ్ళు, వాళ్ళ కోసం దేవుడు రాజులను గద్దించాడు అని ఉంటుంది. ఆ తర్వాతే, 15లో, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు, నా ప్రవక్తలకు కీడు చేయకూడదు" అనే మాట వస్తుంది. ఆ కొద్దిమంది ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. సెంటు భూమి లేదు వాళ్ళకి. శారా చనిపోతే పాతిపెట్టడానికి స్థలం కొనుక్కోవాల్సి వచ్చింది అబ్రాహాముకి, 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. అలాంటి మనిషిని ముట్టొద్దని దేవుడు రాజుకి చెప్పాడు. ఇప్పుడు స్టేజీ మీద నిలబడి మైకు పట్టుకున్నవాడు ఆ కథలో అబ్రాహామా, రాజా? మీరే చెప్పండి.

ఇంకా ఉంది, దీని దగ్గరే కాసేపు ఆగుదాం. ఆదికాండం 20వ అధ్యాయం. గెరారు రాజు అబీమెలెకు శారాను తెప్పించుకున్నాడు, ఎందుకంటే అబ్రాహాము ఆమె నా చెల్లెలు అని చెప్పాడు, నా భార్య అని చెప్పలేదు. రాత్రి కలలో దేవుడు రాజుతో మాట్లాడాడు, ఆమెను ముట్టనివ్వలేదు నిన్ను, ఆ మనిషి ప్రవక్త, ఆమెను తిరిగి పంపెయ్ అన్నాడు. ముట్టడం అనే మాట, ప్రవక్త అనే మాట, రెండూ ఇక్కడే ఉన్నాయి, కీర్తన రాసినవాడి మనసులో ఈ కథ ఉందని నాకు గట్టి నమ్మకం. సరే, తెల్లారింది. అబీమెలెకు ఏం చేశాడు? భయపడి మూల కూర్చున్నాడా? అబ్రాహామును పిలిపించాడు. పిలిపించి, నువ్వు మాకు ఏం చేశావు, ఎందుకు చేశావు అని ముఖం మీద అడిగాడు. దేవుడు ఆ రాజు మీద కోప్పడలేదు, అడిగినందుకు శపించలేదు. అబ్రాహాము కూడా నన్ను అడగడానికి నువ్వెవరు అనలేదు. ఇదీ కారణం, నాకు భయమేసింది, అందుకే అలా చెప్పాను అని జవాబు చెప్పుకున్నాడు. ముట్టొద్దు అన్న దేవుడు అడగొద్దు అనలేదు! ఇది అదే అధ్యాయంలో, నాలుగు వచనాల కింద ఉంది, ఎందుకు చదవరు మన వేదికల మీద?

దావీదు సంగతి చెప్తారు వెంటనే. తనని చంపాలని తరుముతున్న రాజు సౌలు అభిషిక్తుడు కాబట్టి దావీదు చెయ్యి ఎత్తలేదు కదా అంటారు. ఎత్తలేదు, నిజమే. చెయ్యి అంటే కత్తి పట్టిన చెయ్యి. చంపను అన్నాడు, అంతే. కానీ సౌలు చేతికి దొరికినా వదిలేసిన ఆ గుహలోంచి బయటికొచ్చి, సౌలు వెనకాల ఉన్న మూడు వేలమంది సైన్యం వింటుండగా, నేను నీకు ఏ కీడూ చెయ్యలేదు, నన్నెందుకు తరుముతున్నావు, దేవుడే నీకూ నాకూ మధ్య న్యాయం తీర్చాలి అని గట్టిగా అరిచి చెప్పాడు. ఆ దావీదే రాజయ్యాక తప్పు చేస్తే నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు, గలతీ పత్రిక రెండో అధ్యాయం. పేతురు అంటే ఎవరండీ, యేసు ప్రభువు శిష్యుడు, మన దగ్గర ఫ్లెక్సీ మీద ఉన్నవాళ్ళకంటే తక్కువ అభిషేకమా ఆయనది?

మీకు మా మేనత్త గురించి చెప్పాలి. చదువు మూడో తరగతి. రోజూ ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేసేది, ఆదివారం మందిరానికి తీసుకెళ్ళేది. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇది ఉంది, మీకు తెలుసు. స్త్రీల సమాజం వాళ్ళంతా తెచ్చిన బియ్యం ఒకచోట పోసి ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, కాసిన మొదటి సొరకాయ, కోడిపుంజు కూడా వేలంలో పెడతారు, ఆ డబ్బు సంఘం ఖాతాలోకి. మా అత్తకి ఏ ఆదివారం ఎంత వచ్చిందో నోటికి వచ్చు. ఒకసారి ఆరు నెలలయ్యాక అడిగింది, అయ్యగారూ, బియ్యం డబ్బులు ఎంతయ్యాయండీ, సమాధుల తోటకి గోడ కడదాం అనుకున్నాం కదా అని. మర్యాదగానే అడిగింది. వచ్చే ఆదివారం వాక్యం ఇదే వచనం మీద. ఆవిడ వైపు చూస్తూ చెప్పాడు. అదే నెలలో మా బావకి కామెర్లు వచ్చాయి. మా అత్త ఏమనుకుందో తెలుసా? నేను అడిగినందుకే నా కొడుక్కి ఇలా అయింది అనుకుంది. బావకి తగ్గింది, కానీ ఆవిడ ఆ మాట కొన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుంది. వినండి, ఒక తల్లికి ఆ భయం పెట్టినవాడు దైవజనుడు ఎలా అవుతాడు? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

మరి మొదటి సంఘంలో ఇదే ప్రశ్న వచ్చినప్పుడు ఏం జరిగింది? అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం. చూడండి ఎంత దగ్గరగా ఉందో, మా అత్త అడిగింది బియ్యం గురించి, అక్కడ గొడవ విధవరాళ్ళకి రోజువారీ తిండి పంపకం గురించి. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. పన్నెండుమంది అపొస్తలులు, యేసు ప్రభువుతో తిరిగినవాళ్ళు, ఏమన్నారు? మీలోంచి ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి, ఈ పని వాళ్ళకి అప్పగిస్తాం అన్నారు. ఎంపిక జనానిది. అభిషేకం అపొస్తలులది, లెక్క ఏడుగురిది.

ఏడుగురు అంటే గుర్తొచ్చింది, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఒక సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు ఉండాలనే చెప్తుంది. మీ మినిస్ట్రీ సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే ఆ కాగితం మీద ఏడు పేర్లు ఉంటాయి. అవి ఎవరివో ఎప్పుడైనా చూశారా? నేను చూసిన కాగితాల్లో పాస్టర్ గారు, అమ్మగారు, కొడుకు, అల్లుడు, బావమరిది, ఆపైన సంతకం పెట్టమంటే పెట్టిన ఇద్దరు. సంఘం అనే మాట బోర్డు మీద ఉంది, కాగితంలో లేదు.

నా లెక్క ప్రకారం అసలు కారణం ఇదే, మీరు ఒప్పుకోకపోయినా సరే చెప్తాను. ఈ వచనం బలం వాక్యంలోంచి రాలేదు, స్థలం పట్టాలోంచి వచ్చింది. పాత మిషన్ సంఘాల్లో మందిరం ఎవరిదీ కాదు, బిషప్ కింద ఉండే డయోసిస్‌దో ట్రస్టుదో, పాస్టర్ గారు నాలుగైదేళ్ళకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతాడు, కమిటీ మిగులుతుంది. ఇప్పుడు పాస్టర్ తన పేరు మీద స్థలం కొని, తన పేరుతో మినిస్ట్రీ పెట్టి, మన కానుకలతో కట్టి, కొడుక్కి అప్పగిస్తున్నాడు. ఆస్తి ఒకడి పేరున ఉన్నాక ఆ ఆస్తికి కాపలా కావాలి, ఆ కాపలా పనికి ఈ వచనాన్ని పెట్టారు. పట్టా సంఘం పేరున ఉన్న చోట ఈ వచనం ఇంత గట్టిగా వినిపించదు, నేను గమనించాను, మీరూ గమనించండి.

సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, గొడవలు లేవా బ్రదర్ అని కింద రాస్తారు, తెలుసు. ఉన్నాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు, ఇలా వేర్వేరు శాఖల వాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది, అంత గొప్పగా మొదలైంది. మొన్న 2023లో మోడరేటర్, అంటే ఆ సంఘం మొత్తానికి పెద్ద, ఆయన ఎన్నిక, బిషప్పుల రిటైర్మెంట్ వయసు 67 నుంచి 70 చేసే సవరణ, ఇవి మద్రాసు హైకోర్టు దాటి సుప్రీం కోర్టు దాకా వెళ్ళాయి. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ నేను దాన్ని వేరేగా చూస్తాను. అక్కడ కోర్టుకి వెళ్ళగలిగారు, ఎందుకంటే అక్కడ సంఘానికే సొంత రాజ్యాంగం ఉంది, డయోసిస్ కౌన్సిల్ కొన్ని పేర్ల ప్యానెల్ ఎన్నుకోవాలి, సినడ్ అనే పై సభ అందులోంచి బిషప్పుని నియమించాలి అనే రూలు ఉంది. రూలు ఉంటేనే రూలు తప్పావని అడగగలం. సొంత మినిస్ట్రీలో తప్పడానికి రూలే లేదు.

కతోలిక సంఘం సంగతి వినండి, అక్కడ ఫాదర్‌ని ఎవరూ ఎన్నుకోరు, పైనుంచి వస్తాడు. ఆ సంఘం చట్టమే, 1983 నాటి కానన్ లా, ప్రతి విచారణలోనూ, అంటే ఒక ఫాదర్ కింద ఉండే స్థానిక సంఘంలో, ఆర్థిక మండలి ఉండాలంటుంది, విశ్వాసులు ఇచ్చిన దానికి విశ్వాసులకే లెక్క చెప్పాలంటుంది. ఎంతవరకు పాటిస్తున్నారో ఆ విచారణ వాళ్ళు చెప్పాలి. కానీ కాగితం మీదైనా ఉంది.

అసలు మన నేలకి ఈ ప్రశ్న కొత్త కాదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి తెల్లవాళ్ళ ముఖం మీదే చెప్పారు, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ ప్రాణాలు ఇచ్చారు, ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. మనమీద పెత్తనం చేసేవాడు వద్దు, పక్కన కూర్చునేవాడు కావాలని దాని అర్థం. ఆ సభలో అభిషిక్తులైన మిషనరీలకి ఎదురు మాట్లాడాడని ఆయన్ని ఎవరైనా శపించారా? అలాంటి డోర్నకల్ ఉన్న నేల మీద, ఈ రోజు మన మనిషే మనల్ని నోరు మూసుకోమంటున్నాడు. తెల్లదొర పోయాడు, కుర్చీ అలాగే ఉంది.

సువార్తికుడు భక్తసింగ్ గారిని చూడండి. హైదరాబాద్ గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను ఆయన సేవకి కేంద్రం. 2000లో ఆయన పోయేదాకా జనం ఆయన్ని పిలిచింది బ్రదర్ అని. బిషప్ కాదు, అపొస్తలుడు కాదు, డాక్టరూ కాదు. స్థానిక సంఘాల్లో పెద్దలు, ఒకరు కాదు, పెద్దలు అని ఆయన నేర్పించారు. తీతు పత్రికలో పౌలు కూడా ప్రతి పట్టణంలో పెద్దలను నియమించమన్నాడు, బహువచనం. ఇప్పుడు ఫ్లెక్సీల మీద పేరు ముందు ఎన్ని బిరుదులు ఉంటున్నాయో చూస్తున్నారు కదా.

ఇంకొక్క విషయం. ఆదివారం మందిరంలో లెక్కపెట్టండి, ఆడవాళ్ళే ఎక్కువ. ఉపవాస ప్రార్థనకి వచ్చేది వాళ్ళే, చందా వేసేది వాళ్ళే. కమిటీలో ఎంతమంది? 2013లో నంద్యాల డయోసిస్‌కి పుష్పలలితమ్మ గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్, మన తెలుగు ఆడబిడ్డ. అది జరిగి ఇన్నేళ్ళయినా మా ఊరి సంఘంలో ట్రెజరర్‌గా ఒక్క అక్క లేదు. ఇంట్లో రూపాయి రూపాయి లెక్క రాసేది ఆవిడ, సంఘం లెక్క మాత్రం ఆవిడ అడగకూడదు!

యోహాను రాసిన మూడో పత్రిక చిన్నది, ఈ రాత్రి చదవండి. దియొత్రెఫే అని ఒకడు, "ప్రధానత్వము కోరుచున్న" వాడు అని ఉంటుంది. వాడు ఏం చేశాడు? తనకి నచ్చని సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకుంటామన్నవాళ్ళని కూడా సంఘంలోంచి వెలివేశాడు. యోహాను ఏమన్నాడు? నేను వస్తే వాడి పనులు బయటపెడతాను అన్నాడు. అపొస్తలుడే బయటపెడతాను అంటుంటే మనం ఎందుకు దాచాలి?

అడిగితే ఏం చేస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. పెళ్ళి చెయ్యం అంటారు, సమాధుల తోటలో స్థలం ఇవ్వం అంటారు. ఊళ్ళో అసలు కొరడా అదే, శాపం కాదు. అందుకే ఒక్కరు అడగొద్దు, ఏడుగురు కలిసి అడగండి, కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి, గొడవ వద్దు, అరుపులు వద్దు. మీ సంఘంలో లెక్కలు నోటీసు బోర్డు మీద పెడితే ఆ మంచి మాట కూడా కింద రాయండి, ఊరి పేరుతో చదివి వినిపిస్తాను.

పోయినేడు ఊరెళ్ళినప్పుడు మా మేనత్తకి ఆదికాండం 20 పైకి చదివి వినిపించాను. కళ్ళు సరిగా కనపడవు ఆవిడకి ఇప్పుడు. అబీమెలెకు అడిగిన చోట నన్ను ఆపి, మళ్ళీ చదవమంది. చదివాను. "అయితే మా వాడికి కామెర్లు నావల్ల రాలేదు కదరా" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చేతికర్ర పట్టుకుని ముందుకెళ్ళి, అందరిలో నిలబడి, అయ్యగారూ, బియ్యం డబ్బులు ఎంతయ్యాయండీ అని అడిగింది. లెక్క ఇంకా రాలేదు. ఆవిడ ప్రతి ఆదివారం అడుగుతూనే ఉంది, ఇప్పుడు పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు నిలబడుతున్నారు.