బోరు కింద వరికి ఎన్ని నీళ్లు పోస్తున్నామో కొలుద్దాం

నమస్తే అన్నా, నమస్తే అక్కా. యాసంగిల బోరు కింద వరి వేసినోళ్ల కోసం ఈ వీడియో. ఎకరానికి ఎన్ని బస్తాలైనయంటే టక్కున చెప్తాం గానీ ఎన్ని నీళ్లు పోసినమంటే చెప్పలేం.

ముందు బోరు చూద్దాం. మోటరు వేసి అరగంట ఆగండి, ఎందుకంటే మొదట్ల ధార జోరుగా వచ్చి తర్వాత తగ్గుతది. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్‌ల స్టాప్‌వాచ్ నొక్కండి. ఇగో, 40 సెకండ్లకి నిండింది, అంటే గంటకి 18,000 లీటర్లు. ఎకరం మడిల 5 సెంటీమీటర్లు నిలవాలంటే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి, అంటే ఈ బోరుకి 11 గంటల పైమాటే. మోటరు నడిచిన గంటలు రోజూ క్యాలెండర్ మీద రాసుకోండి. ఎకరానికి మొత్తం 300 గంటలు నడిచి 25 క్వింటాళ్లు పండినయనుకోండి, కిలో వడ్లకి 2,160 లీటర్లు పోసినట్టు. ఈ నంబరే మనం తగ్గించాలె.

ఎట్లా అంటే, అడుగు పొడవు పీవీసీ పైపు తీసుకోండి, చెయ్యి పట్టేంత వెడల్పు ఉండాలి. కింది సగానికి చుట్టూ డ్రిల్‌తో రంధ్రాలు కొట్టి, ఆ సగం మట్టిల దిగేదాకా కొట్టండి, లోపలి మట్టి అడుగుదాకా తీసెయ్యండి. గట్టు పక్కన వద్దు, మడి చదునుగా ఉన్న చోట పెట్టండి. చూసినరా, పైన నెర్రెలు పడుతున్నా పైపుల నీళ్లు కనిపిస్తున్నయ్, వేర్లకి అందుతున్నయన్నట్టు. ఆ నీళ్లు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్ల కిందికి పోయినాకే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టండి. ఫిలిప్పీన్స్‌ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, మనం ఇర్రి అంటం కదా, వాళ్లు చెప్పిన హద్దే ఇది, దిగుబడి పోకుండా 30 శాతం దాకా నీళ్లు మిగుల్తయ్.

కానీ నాటేసినాక రెండు వారాలు నీళ్లు ఉంచండి, లేదంటే కలుపు మింగేస్తది. పూతకి వారం ముందు నుంచి పూత అయినాక వారం దాకా మడి అస్సలు ఆరొద్దు, అప్పుడు ఆరితే తాలు గింజలే, ఈ ఒక్క విషయంల మాత్రం పిసినారితనం వద్దు. గట్లకి ఎండ్రకాయ బొక్కలుంటే ముందే పూడ్చండి.

ఇంకోటి, ఆటో స్టార్టర్ ఉంటే తీసెయ్యండి, కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు దానంతటదే నడిస్తే పైపు చూసి నీళ్లు పెట్టుడు ఎక్కడిది, గంటల లెక్క ఎక్కడిది?